సిటీ పోలీసులకు ఇమిగ్రేషన్ పని అప్పగించాలా? కౌన్సిల్ ఓటింగ్ ముందు మీ అభిప్రాయాలు కావాలి

డల్లాస్_శివారు
మాది డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న చిన్న సిటీ. వచ్చే నెల కౌన్సిల్ మీటింగ్ అజెండాలో 287జి ఒప్పందం పెట్టారు. అది పాసయితే మా సిటీ పోలీసులే ఐసీఈ (కేంద్ర ప్రభుత్వ ఇమిగ్రేషన్ అమలు సంస్థ) తరఫున ఇమిగ్రేషన్ స్టేటస్ అడగొచ్చు, అరెస్టు చేయొచ్చు. మా కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో చాలామంది "మంచిదే, అక్రమంగా ఉన్నవాళ్లు పోతారు, మనకేం భయం" అంటున్నారు. మిగతావాళ్లు నోరు మెదపడం లేదు. నాకు మాత్రం ఇది అస్సలు నచ్చలేదు. నాది హెచ్1బీ ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద ఆధారపడిన హెచ్-4. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు, ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడదామనుకుంటున్నా. మీ ఊళ్లో ఇలాంటిది జరిగి ఉంటే చెప్పండి. చట్టం తెలిసినవాళ్లుంటే ఇంకా మంచిది.

క్యూలో_2014
గ్రీన్‌కార్డు క్యూలో నా స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ 2014. ఇంకా గ్రీన్‌కార్డు రాలేదు. ప్రతి మూడేళ్లకీ ఎక్స్‌టెన్షన్, ప్రతిసారీ వీసా స్టాంపింగ్ టెన్షన్, నాన్న పోతే కూడా వెంటనే ఇండియా వెళ్లలేకపోయాను. అన్ని రూల్సూ పాటిస్తూ ఇన్నేళ్లు కాచుకున్నవాడిని. బార్డర్ దాటి వచ్చినవాళ్లనీ నన్నూ ఒకే గాటన కట్టి "ఇమిగ్రెంట్లం మనం" అంటే నాకు మండుతుంది. చట్టం ఉన్నప్పుడు అమలు చేయాలి. ఎవరు చేస్తే ఏంటి, ఐసీఈ అయినా సిటీ పోలీసు అయినా. నేను మీ ఊళ్లో ఉంటే అనుకూలంగానే మాట్లాడేవాడిని.

కొల్లేరు_కొంగ
+1 క్యూలో_2014. మనవాళ్లకి అనవసరమైన జాలి ఎక్కువ.

ఎడిసన్_అక్క
క్యూలో_2014, నాన్నగారి విషయం చదివి బాధేసింది తమ్ముడూ. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మీ క్యూ కదలకపోవడానికి కారణం గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అనే పరిమితి. టెక్సాస్‌లో ఓ ఊరి పోలీసు ట్రాఫిక్ లైటు దగ్గర ఎవరి కాగితాలు అడిగినా ఆ క్యూ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

పారాలీగల్_పద్మ
ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పనిచేస్తాను. నేను లాయర్‌ని కాదు కాబట్టి ఇది లీగల్ సలహాగా తీసుకోకండి. కానీ ఈ చర్చ ఎక్కడ చూసినా గందరగోళంగా నడుస్తోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

287జి అనేది 1996లో ఇమిగ్రేషన్ చట్టానికి చేర్చిన సెక్షన్. ఇందులో మూడు రకాల ఒప్పందాలున్నాయి. మొదటిది జైలు మోడల్: ఏదో కేసులో ఇప్పటికే అరెస్టయి కౌంటీ జైలుకొచ్చిన వాళ్ల స్టేటస్‌ని జైలు సిబ్బంది పరిశీలిస్తారు. రెండోది వారంట్ మోడల్, 2019లో వచ్చింది: ఐసీఈ ఇచ్చిన వారంటును జైల్లోనే అందజేస్తారు, అంతే. మూడోది టాస్క్‌ఫోర్స్ మోడల్: రోడ్డు మీద తిరిగే పోలీసే మామూలు డ్యూటీలో ఉండగా ఇమిగ్రేషన్ అధికారి అవతారమెత్తుతాడు. ఫిర్యాదులు ఎక్కువయ్యాక ఈ మూడోదాన్ని 2012లో ఆపేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. సిటీ పోలీసులకు సాధారణంగా సొంత కౌంటీ జైలు ఉండదు. కాబట్టి మీ కౌన్సిల్ ముందుకొచ్చింది దాదాపుగా ఈ మూడోదే అయి ఉంటుంది. అజెండా కాగితాల్లో చూసి చెప్పండి.

ఇంకోటి. 287జి లేకపోయినా ఎవరినైనా అరెస్టు చేసి వేలిముద్రలు తీసుకుంటే అవి ఎఫ్‌బీఐ నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. 2008లో మొదలైన సెక్యూర్ కమ్యూనిటీస్ పద్ధతి అది. ఆ పేరుతో ఉన్న కార్యక్రమాన్ని మధ్యలో 2014లో ఆపి 2017లో మళ్లీ తెచ్చారు. కాబట్టి "ఒప్పందం లేకపోతే నేరస్తులు తప్పించుకుంటారు" అన్నది సరైన వాదన కాదు. నేరం చేసి దొరికినవాడి వివరాలు ఎలాగూ పైకి వెళ్తూనే ఉన్నాయి.

డల్లాస్_శివారు
పద్మగారూ, ఇప్పుడే చూశా. టాస్క్‌ఫోర్స్ మోడల్ అనే రాసి ఉంది.

బెజవాడ_బాబాయ్
నేను ఇండియాలోనే ఉంటా, మా అమ్మాయి మిస్సోరీలో ఎంఎస్. నాకు ఒకటే సందేహం. తప్పు చేయనివాడికి పోలీసంటే భయం దేనికి? కాగితాలు చూపిస్తే వదిలేస్తారు కదా.

లెవిస్‌విల్_రవి
బాబాయ్, నా సంగతి చెప్తా వినండి. హెచ్1బీ ఎక్స్‌టెన్షన్ టైముకే ఫైల్ చేశాం. పాత ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అయిపోయింది, కొత్తది పెండింగ్. ఆ స్థితిలో 240 రోజుల వరకు అదే కంపెనీలో పని చేసుకోవచ్చు, అది పూర్తిగా చట్టబద్ధం. కానీ టెక్సాస్‌లో మనలాంటివాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ ఐ-94 తేదీతోనే ముగుస్తుంది. ఆ గ్యాప్‌లో ఒక చిన్న ఊరి దగ్గర ఆపారు, టెయిల్ లైట్ పోయిందని. నా చేతిలో గడువు తీరిన ఐ-94, రిసీట్ నోటీసు, గడువు తీరిన లైసెన్సు. ఆయనకి 240 రోజుల రూల్ గురించి నేను వివరిస్తుంటే "ఇందులో ఎక్స్‌పైర్డ్ అని ఉంది కదా" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. పాపం మనిషి మంచివాడే, గొంతు కూడా పెంచలేదు. టికెట్ రాసి పంపేశాడు. అదే పోలీసుకి ఇమిగ్రేషన్ అరెస్టు అధికారం కూడా ఉండుంటే ఆ రాత్రి నేను ఎక్కడుండేవాడినో తెలియదు. వెనక సీట్లో మా పాప నిద్రపోతోంది.

పారాలీగల్_పద్మ
రవిగారు చెప్పింది మా ఆఫీసులో తరచూ వినే పరిస్థితే. టాస్క్‌ఫోర్స్ పోలీసుకి ఇప్పుడిచ్చే శిక్షణ 40 గంటలు, అదీ ఆన్‌లైన్‌లో. 2012కి ముందు నాలుగు వారాలు క్లాసులో కూర్చోబెట్టేవాళ్లు. ఎఫ్-1 ఓపీటీ, స్టెమ్ పొడిగింపు, కాప్‌గ్యాప్, హెచ్-4 ఈఏడీ, పెండింగ్ ఐ-485: చదువు, ఉద్యోగం, గ్రీన్‌కార్డు స్టేటస్‌ల్లోని ఈ తేడాలన్నీ 40 గంటల్లో ఎక్కవు. మా లాయర్లే ఒక్కోసారి పుస్తకాలు తిరగేస్తారు.

కొల్లేరు_కొంగ
అంటే ఒకటీ అరా పొరపాటు జరుగుతుందని చట్టం మొత్తం అమలు చేయొద్దంటారా? 2025 సెప్టెంబరులో డల్లాస్‌లో మోటెల్ మేనేజర్‌ని ఎంత ఘోరంగా చంపారో మర్చిపోయారా? కర్ణాటక నుంచి వచ్చిన మనిషి, భార్యాపిల్లల కళ్ల ముందే. చేసినవాడికి ఇక్కడ ఉండే హక్కే లేదు. అలాంటివాళ్లని ముందే పట్టుకుని పంపేసి ఉంటే ఆ ఇల్లు నిలబడేది.

నల్లగొండ_నర్సన్న
కొంగ అన్నా, ఆ కేసు నేను మొత్తం చదివిన. మస్తు బాధయింది. కానీ అసలు సంగతి ఏందంటే, ఆ మనిషి 2025 జనవరి దాకా ఐసీఈ చేతిలోనే ఉన్నడు. వాడి సొంత దేశం క్యూబా వాడిని వెనక్కి తీసుకోనన్నది, అందుకని నిఘా షరతు మీద బయటికి వదిలిన్రు. లోకల్ పోలీసు దాచిపెట్టింది కాదు, పట్టుకోనిది కాదు. మీ ఊరి పోలీసు 287జి సంతకం చేసినా క్యూబా తీసుకోదు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ అడగాలె.

కొల్లేరు_కొంగ
సరే, అది కేంద్రం తప్పే అనుకుందాం. అయినా ఎక్కువమంది చూస్తుంటే మంచిదే కదా.

ఎడిసన్_అక్క
ఎక్కువమంది చూడటం మాట అటుంచండి, చెప్పేవాళ్లు తగ్గిపోతారు. 2013లో ఇల్లినాయి యూనివర్సిటీ షికాగో వాళ్లు నాలుగు కౌంటీల్లో లాటినోలని సర్వే చేశారు. అందులో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ కూడా ఉంది. నేరానికి గురైనా పోలీసులకి చెప్పడానికి వెనకాడతాం అన్నవాళ్లు 44 శాతం. పోలీసులు మా స్టేటస్ అడుగుతారేమో, మా వాళ్ల స్టేటస్ అడుగుతారేమో అన్నదే కారణం. ఆ 44 శాతంలో ఇక్కడే పుట్టిన సిటిజన్లు కూడా ఉన్నారు.

లాటినోల సంగతి మనకెందుకు అనేవాళ్లకి చెప్తున్నా. నేను ఇక్కడ గృహహింస హెల్ప్‌లైన్‌లో వారాంతాల్లో వాలంటీర్‌గా ఫోన్లు తీసుకుంటాను. తెలుగు అమ్మాయిల ఫోన్లు వస్తాయి. దాదాపు అందరూ హెచ్-4. మొగుడు కొడతాడు, పాస్‌పోర్టు దాచేస్తాడు, "911కి చేశావా, నిన్ను డిపోర్ట్ చేస్తారు" అని బెదిరిస్తాడు. ఒక అమ్మాయి విషయంలో భర్త ఉద్యోగం పోయి, ఆ తర్వాత ఉండనిచ్చే 60 రోజుల గడువు దాటిపోయి, ఇద్దరికీ స్టేటస్ లేదు. ఆమెకి ఆ సంగతి తెలియనే తెలియదు. కాగితాలన్నీ అతని దగ్గరే. మా న్యూజెర్సీలో 2018లో అటార్నీ జనరల్ ఇచ్చిన ఇమిగ్రెంట్ ట్రస్ట్ డైరెక్టివ్ ఉంది కాబట్టి, "అమ్మా, బాధితురాలిగా నువ్వు ఫోన్ చేస్తే ఇక్కడి పోలీసు నీ స్టేటస్ అడగడు" అని నేను ధైర్యంగా చెప్పగలిగాను. ఆమె ఫోన్ చేసింది. బతికి ఉంది. మీ ఊళ్లో ఆ ఒప్పందం అయితే అక్కడి వాలంటీరు ఆ మాట చెప్పగలదా?

క్యూలో_2014
అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ న్యూజెర్సీ పద్ధతిలో హంతకుల్ని కూడా వదిలేస్తారంటారు కదా?

ఎడిసన్_అక్క
లేదు తమ్ముడూ. తీవ్రమైన నేరాల్లో ఛార్జి పడినవాళ్ల విషయంలో ఐసీఈకి సహకరించడానికి ఆ డైరెక్టివే అనుమతిస్తుంది. కాలిఫోర్నియా 2017 చట్టంలో కూడా అలాంటి నేరాల జాబితా పెద్దదే ఉంది. ఇలాంటి పద్ధతులున్న చోట్లని శాంక్చురీ అంటారు, అంటే దాచిపెట్టడం అనుకుంటారు చాలామంది. చిన్న విషయాలకి లోకల్ పోలీసు ఆ పని నెత్తినేసుకోకపోవడమే అది.

కృష్ణా_టు_కరోల్టన్
డబ్బు సంగతి కూడా మాట్లాడండి. మా పక్కనే ఫార్మర్స్ బ్రాంచ్. 2006లో ఆ సిటీ ఒక ఆర్డినెన్సు తెచ్చింది, అక్రమంగా ఉన్నవాళ్లకి అపార్ట్‌మెంట్లు అద్దెకివ్వకూడదని. కోర్టులో కేసులు పడ్డాయి. ఏళ్ల తరబడి నడిచి 2013లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది, 2014లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. ఆర్డినెన్సు ఒక్క రోజు కూడా సరిగా అమలు కాలేదు, లాయర్ల ఖర్చు మాత్రం 60 లక్షల డాలర్లు దాటింది. 30 వేల మంది ఉన్న ఊరికి అది చిన్న డబ్బా? అరిజోనాలో మరికోపా కౌంటీ షెరిఫ్ ఆర్పాయో కథ అందరికీ తెలిసిందే. రంగు చూసి కార్లు ఆపారని 2013లో కోర్టు తేల్చింది. ఆ కేసు తాలూకు ఖర్చు కౌంటీ జనం పన్నుల్లోంచి ఇంకా కడుతూనే ఉన్నారు.

కొల్లేరు_కొంగ
ఇప్పుడు ఆ బాధ లేదు. టాస్క్‌ఫోర్స్ పోలీసుల జీతాలు ఐసీఈనే కడుతుంది. మీ సిటీకి లాభమే.

కృష్ణా_టు_కరోల్టన్
జీతాలు కడుతుంది, నిజమే. 2025 అక్టోబరు నుంచి జీతం, బెనిఫిట్లు, కొంత ఓవర్‌టైం కూడా ఇస్తామన్నారు. పట్టుకున్నవాళ్లని బట్టి పర్‌ఫార్మెన్స్ అవార్డులూ ఉన్నాయి. నన్ను భయపెట్టేది అదే. దొంగని పట్టుకోవాల్సిన పోలీసుకి, పక్కనున్న పని మీద అవార్డు పెడితే అతని కళ్లు ఎటు తిరుగుతాయి? డల్లాస్‌కి ఇలాగే 2.5 కోట్ల డాలర్లు ఇస్తామంటే అక్కడి పోలీస్ చీఫ్ వద్దన్నాడు. అంత పెద్ద సిటీ వద్దన్నప్పుడు మీ కౌన్సిల్ కూడా కాస్త ఆలోచించాలి.

హిమాయత్‌నగర్_హరి
ఇక్కడ హక్కుల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మన హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాల విషయం వస్తే మాత్రం ఇదే జనం "వెంటనే పంపేయాలి" అంటారు. అక్కడొక నీతి, ఇక్కడొక నీతా?

మోడరేటర్
హరిగారూ, మంచి ప్రశ్నే, కానీ దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. రెండూ కలిస్తే ఈ చర్చ ఎటూ తేలదు.

నల్లగొండ_నర్సన్న
మోడరేటర్ సారు చెప్పినట్టు వేరేగ పెట్టున్రి, నేను అక్కడికి గూడ వస్త. హరి అన్న అడిగింది కొట్టిపారేసే ముచ్చట కాదు.

ఓపీటీ_బతుకు
చదువుకునేవాళ్ల కోణం కూడా చెప్పనివ్వండి. 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ స్టూడెంట్ల సెవిస్ రికార్డులు (వాళ్ల స్టేటస్ ఉండే ప్రభుత్వ రికార్డులు) రాత్రికి రాత్రే ఆపేశారు. పేర్లన్నీ ఎఫ్‌బీఐ డేటాబేస్‌లో వేసి, ఎక్కడ ఏ చిన్న పోలీసు ఎంట్రీ కనిపించినా తీసేశారు. కేసు కొట్టేసినా, ఛార్జే పెట్టకపోయినా సరే. ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం అప్పుడు సేకరించిన కేసుల్లో సగం ఇండియన్లవే. మా రూమ్మేట్‌కి ఎప్పుడో స్పీడింగ్ మీద కోర్టుకెళ్లిన రికార్డు ఉంది, అంతే. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకి మళ్లీ పునరుద్ధరిస్తామన్నారు. ఈ లోపు వాడు అన్నం మానేశాడు. ఇంట్లో చెప్పలేడు, ఊళ్లో పొలం తాకట్టు పెట్టి పంపించారు. కాబట్టి బాబాయ్‌గారూ, "తప్పు చేయనివాడికి భయమెందుకు" అని దయచేసి అనకండి.

బెజవాడ_బాబాయ్
అయ్యో బాబూ. మీ రూమ్మేట్ ఇప్పుడు బాగున్నాడా?

ఓపీటీ_బతుకు
బాగున్నాడండి. డిగ్రీ అయిపోయింది.

సెయింట్‌లూయిస్_సుబ్బు
ఇదే సందర్భంలో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీని గుర్తుచేయాలి. మిషిగన్‌లో 2019 జనవరిలో బయటపడింది. యూనివర్సిటీ అనుకుని చేరినవాళ్లలో చాలామంది మన పిల్లలే. తీరా చూస్తే దాన్ని నడిపిందే హోంల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. ఆ రోజుల్లో ఆంధ్రలో ఏ ఇంట చూసినా అదే మాట. పిల్లల్లో కొందరు తెలిసే చేరారు, పని చేసుకోవడానికి. కొందరు మోసపోయారు. ఆ తేడా తేల్చడానికి కోర్టులకే ఏళ్లు పట్టింది. రోడ్డు మీద నిలబడి పది నిమిషాల్లో తేల్చేస్తాడా మీ ఊరి పోలీసు?

కొల్లేరు_కొంగ
తెలిసి చేరినవాళ్లది తప్పే కదా మరి.

సెయింట్‌లూయిస్_సుబ్బు
తప్పే. నేను కాదనలేదు. మనవాళ్లలో స్టేటస్ తప్పినవాళ్లు లేరని నటించడం మానేద్దాం అంటున్నా. గ్యాస్ స్టేషన్లలో, హోటళ్ల వంటిళ్లలో క్యాష్‌కి పనిచేసే స్టూడెంట్లు మనందరికీ తెలుసు. వాట్సాప్‌లో "అక్రమంగా ఉన్నవాళ్లు పోవాలి" అని రాసేవాడికి కూడా అలాంటి బావమరిది ఒకడు ఉండే ఉంటాడు.

లెవిస్‌విల్_రవి
సుబ్బుగారూ, ఆ బావమరిది మా గ్రూప్ అడ్మినే 🙂

పారాలీగల్_పద్మ
"జైలుకొచ్చేది నేరస్తులే కదా" అని ఎవరైనా అంటే ఒక కేసు చెప్పండి. టెక్సాస్‌లోనే, ఆస్టిన్ దగ్గర లాగో విస్టా. ఒక తల్లి సీటు బెల్టు పెట్టుకోకుండా, పిల్లలకీ పెట్టకుండా కారు నడిపింది. గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. పోలీసు చేతికి సంకెళ్లు వేసి తీసుకెళ్లాడు. 2001లో సుప్రీంకోర్టు 5-4తో ఆ అరెస్టు చెల్లుతుందంది. అంటే జరిమానాతో పోయే విషయానికి కూడా టెక్సాస్‌లో జైలు గడప తొక్కించొచ్చు. ఆమె అమెరికన్ కాబట్టి గంటలో బయటికొచ్చింది.

డల్లాస్_శివారు గారికి ముఖ్యమైన సంగతి. టెక్సాస్‌లో 2017 నాటి ఎస్‌బీ 4 అనే రాష్ట్ర చట్టం ఉంది. "మా పోలీసులు స్టేటస్ అడగకూడదు" అని సిటీ నిషేధించకూడదు, అలా చేస్తే జరిమానా, పదవి కూడా పోవచ్చు. కాబట్టి మీటింగ్‌లో అది కోరకండి, వాళ్లు చేయలేరు. 2025లో వచ్చిన ఎస్‌బీ 8 జైళ్లు నడిపే కౌంటీ షెరిఫ్‌లు 287జి ఒప్పందం చేసుకోవాలంటుంది. సిటీ పోలీసులు చేసుకోవాలని ఎక్కడా లేదు. కౌంటీ జైల్లో ఎలాగూ ఆ పరిశీలన ఉంటుంది. అలాంటప్పుడు సిటీకి విడిగా టాస్క్‌ఫోర్స్ ఎందుకన్నది మీ ప్రధాన ప్రశ్న కావాలి.

డల్లాస్_శివారు
ఇది చాలా ఉపయోగపడింది పద్మగారూ. నేను నిజంగానే స్టేటస్ అడగొద్దని కోరదామనుకున్నా. ఇక నా ప్రశ్నలు ఇవి: కౌంటీ చేస్తున్న పని సిటీ మళ్లీ ఎందుకు చేయాలి, పొరపాటున సక్రమంగా ఉన్నవాడిని పట్టుకుంటే నష్టపరిహారం ఎవరి జేబులోంచి, బాధితులుగా ఫోన్ చేసినవాళ్లని స్టేటస్ అడగబోమని పోలీస్ చీఫ్ రాతపూర్వకంగా చెప్తారా.

ఎడిసన్_అక్క
యు వీసా గురించి కూడా అడుగు. నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్ల కోసం 2000లో తెచ్చిన వీసా. ఏడాదికి 10 వేలే, వెయిటింగ్ చాలా ఏళ్లు. అయినా మా దగ్గరికొచ్చే అమ్మాయిలకి అదే ఆధారం. దానికి లోకల్ పోలీసు ఒక సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఒప్పందం అయ్యాక మీ పోలీసులు ఆ సంతకాలు పెడతారా, ఎన్ని రోజుల్లో పెడతారు? ఇది తప్పకుండా అడుగు తమ్ముడూ. ఏ ఊళ్లోనూ ఎవరూ అడగరు.

క్యూలో_2014
అందరివీ చదివాను. రవి చెప్పింది నాకూ జరగొచ్చు, మా లైసెన్సులూ అలాగే ఉంటాయి. అయినా నా మాట మారలేదు. జైల్లో ఉన్నవాడి స్టేటస్ చూడటం, పంపించాల్సినవాడిని పంపించడం న్యాయమే. దానికి నేను పూర్తిగా అనుకూలం. రోడ్డు మీద 40 గంటల ట్రైనింగ్‌తో చేయడానికి మాత్రం ఒప్పుకోను. శివారు గారూ, మాది పక్క సిటీయే. మా దగ్గర ఇది వస్తే నేనూ లేచి ఈ రెండూ చెప్తా. ఒకటి చెప్పి ఇంకోటి దాచను.

కొల్లేరు_కొంగ
నేను ఒప్పుకోను. జైలు దాకా వచ్చేలోపు ఎవడో ఒకడి ప్రాణం పోతుంది. మీటింగ్‌లో ఆ వైపు మాట్లాడేవాళ్లూ ఉంటారు, వాళ్ల ఇంట్లో కూడా ఎవరో పోయి ఉండొచ్చు. మర్యాదగా వినండి.

డల్లాస్_శివారు
తప్పకుండా వింటాను. పద్మగారూ, చివరిగా ఒకటి. మాట్లాడటానికి ముందే పేరు ఇవ్వాలా? హెచ్1బీ మీద ఉన్నవాడు మాట్లాడితే ఇబ్బందా?

పారాలీగల్_పద్మ
మీ సిటీ వెబ్‌సైట్‌లో కౌన్సిల్ మీటింగ్ పేజీలో ఉంటుంది. చాలా చోట్ల మీటింగ్ మొదలయ్యేలోపు కార్డు నింపి ఇవ్వాలి, పేరు, అడ్రసు రాయాలి. స్టేటస్ అడగరు. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. కౌన్సిల్‌లో మాట్లాడకూడదని హెచ్1బీలో ఎక్కడా లేదు. కానీ మీటింగ్ రికార్డు అవుతుంది, వీడియో ఆన్‌లైన్‌లో పెడతారు. మీవాళ్ల స్టేటస్ వివరాలు మైకులో చెప్పకండి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు ఈమెయిల్ పంపితే అది కూడా రికార్డులోకి చేరుతుంది. మీ గ్రూపులో నోరు మెదపనివాళ్లకి ఆ దారి చెప్పండి.

కృష్ణా_టు_కరోల్టన్
మూడు నిమిషాలా! మన తెలుగు సభల్లో వేదిక మీదివాళ్లని పిలవడానికే చాలదు. రాసుకుని వెళ్లు తమ్ముడూ, ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి చదువుకో. ఫార్మర్స్ బ్రాంచ్ లెక్కలు నేను పోగుచేసి రేపు మెసేజ్ పెడతా.